హేటర్, కృష్ణారెడ్డి: ఒక కళాసఖ్యము

ఎమ్మిగనూరు నేతపేటలో "ఈ చీర నెవరు నేసినారు?" అని యడిగినచో ఒక్క పేరుతో సమాధానము చెప్పుట కష్టము. నూలునకు రంగు వేసినవా డొకడు. కండెలు చుట్టిన యిల్లాలు వేఱొకతె. పడుగు సాగదీసినవారు ముగ్గురు నలుగురు. మగ్గపు గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నవాడు మఱియొకడు. వీరిలో ఏ యొక్కరు లేకున్నను చీర లేదు. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున చేనేత సహకార సంఘమును స్థాపించినపుడు ఆ యూరివారికి ఈ సంగతి కొత్తగా బోధింపవలసిన యవసరము లేకపోయినది. పని పదిమందిది గనుక ఫలమును పదిమందిదియే కావలె నను న్యాయము అచ్చటి ప్రతి మగ్గము నెఱిగినదే.

చిత్రశిల్పముల కడకు వచ్చునప్పటికి లోకము ఈ న్యాయమును మఱచును. బొమ్మ క్రింద ఒక్క సంతకమే యుండవలె నని పట్టుపట్టును. ఇద్దఱు కలిసి యొక కొత్త విద్యను సాధించినచో, వారిలో నొకని పేరు దానికి తగిలించి, రెండవవానిని శిష్యు డనియో సహాయు డనియో చెప్పి తృప్తిపడును. నేడు నేను చెప్పదలచినది అట్టి యిద్దఱి కథ. ఒకరు లండను నగరమున పుట్టిన చిత్రకారుడు, స్టాన్లీ విలియం హేటర్. మఱియొకరు మన రాయలసీమ బిడ్డ, చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన శిల్పి, కృష్ణారెడ్డి. పారిసు నగరమునందలి యొక పనిశాలలో వీరు ఇరువది యేండ్లకు పైగా కలిసి మెలగిరి. ఒకే లోహపు పలకనుండి, యంత్రములో ఒక్కమారు ఒత్తినంతనే, అనేక వర్ణముల చిత్రము కాగితముపై దిగు విద్య ఆ పనిశాలలో పుట్టినది. ఆ విద్య యెవరిది? ఈ ప్రశ్నకు సరియైన జవాబు వెదకుటయే ఈ ప్రసంగము యొక్క పని.

ముందుగా హేటర్ సంగతి. ఆయన 1901 డిసెంబరు 27వ తేదీన జన్మించెను. వారి వంశమున చిత్రకారులు కలరు. అయినను ఆయన లండను కింగ్స్ కళాశాలలో చదివినది రసాయనశాస్త్రమును, భూగర్భశాస్త్రమును. చదువు ముగిసిన పిదప 1922లో పారశీక దేశపు అబాదాను పట్టణమునకు పోయి, ఆంగ్లో-పారశీక తైల సంఘమున మూడేండ్లు ఉద్యోగము చేసెను. పగటివేళ నేలనూనెల పరిశ్రమలో కొలువు. తీరిక దొరకినపుడు చిత్రలేఖనము. శ్రోతలు ఈ నూనెల సంగతిని మనసున నుంచుకొన వేడుచున్నాను. కథలో ముందుముందు దానితో పని కలదు.

1926లో హేటర్ కొలువు విడిచి, చిత్రకళయే జీవితముగా పారిసు చేరెను. అచ్చట జోసెఫ్ హెక్ట్ అను కళాకారునివద్ద లోహపు పలకపై సన్నని యులితో గీతలు చెక్కు విద్య నేర్చెను. ఆ యులిని బ్యూరిన్ అందురు. మన కంసాలి వెండిగిన్నెపై పేరు చెక్కునపుడు వాడు పనిముట్టునకు అది దూరపు చుట్టము. ఐరోపాలో ఈ విద్య యొకప్పుడు మహాశిల్పుల చేతులలో వెలిగి, పిమ్మట ఇతరుల వర్ణచిత్రములకు నకళ్ళు తీయు పనిగా దిగజారినది. దానిని మరల స్వతంత్రమైన కళగా నిలుపవలెనని హేటర్ సంకల్పము. 1927లో చిన్న పనిశాల నొకదానిని తెఱచెను. 1933లో అది కాంపాన్ ప్రెమియేర్ వీథిలో 17వ నంబరు ఇంటికి మారినది. ఆ నంబరే దానికి పేరైనది. 'అతెలియే 17' అనగా పదునేడవ నంబరు పనిశాల యని యర్థము. స్థాపకుని పేరు తలుపుమీద లేదు; ఇంటి సంఖ్య మాత్రమే కలదు. ఇదియు గమనింపదగిన విషయము.

పికాసో, మిరో, జకోమెత్తీ, కాల్డర్ మున్నగు ప్రసిద్ధులు అచ్చటికి వచ్చి పలకలు చెక్కిరి. పేరులేని పడుచువారును వచ్చి అదే బల్లయొద్ద నిలిచిరి. ఆ పనిశాలలో గురుపీఠము లేదు. హేటర్ తన పలక తాను చెక్కుకొనుచునే, ప్రక్కవాని పలకను చూచి సలహా చెప్పును. ప్రక్కవానినుండి తాను నేర్చుకొనును. స్పెయిను అంతర్యుద్ధమున దిక్కులేనివారైన బిడ్డల సహాయార్థము 1939లో ఆయన మిత్రులతో గూడి యొక చిత్రసంపుటము ప్రకటించెను. రెండవ ప్రపంచ యుద్ధము రాగానే 1940లో న్యూయార్కు వెడలి, పనిశాలను అచ్చట నెలకొల్పెను. అమెరికా చిత్రకళను మలుపు త్రిప్పిన జాక్సన్ పొలాక్ 1944, 1945 ప్రాంతమున ఆ పనిశాలలో పలకలు చెక్కినవాడే. 1950లో హేటర్ మరల పారిసు చేరెను.

ఇక కృష్ణారెడ్డి. ఆయన 1925 జూలై 15వ తేదీన పల్లెటూరిలో జన్మించెను. మదనపల్లెకు చేరువనున్న ఋషివ్యాలీ పాఠశాలలో చదివెను. అచ్చటి కొండలను చూచినవారు ఆదవాని కొండలను తలచుకొనక మానరు: ఒకదానిపై నొకటి ఎవరో పేర్చినట్లు నిలిచిన గుండురాళ్ళు, వానినడుమ నీడకై పెరిగిన చెట్లు, ఎండకు మెఱయు బండలు. అట్టి నేలపై పెరిగిన బాలునికి రాతియందు ఆకారము కనబడుట వింతగాదు. జిడ్డు కృష్ణమూర్తి బోధ ఆయన మనసుపై చిన్ననాటనే పడి, తుదివఱకు నిలిచినది.

పిమ్మట ఆయన శాంతినికేతనమునకు పోయెను. కళాభవనమున నందలాల్ బోసు పెద్ద. ఆయన శిష్యులలో ఇద్దఱు అప్పటికి అచ్చటనే యుపాధ్యాయులు: చిత్రకారుడైన వినోదవిహారి ముఖర్జీ, శిల్పియైన రామకింకర్ బైజ్. ఈ యిద్దఱు సహాధ్యాయులు, చిరకాల మిత్రులు. ఒకని కుంచె గోడలను నింపినది. ఒకని చేయి కంకరతో సిమెంటుతో ఆరుబయట బొమ్మలను నిలిపినది. చిత్రకారుడును శిల్పియు ఒకే యావరణలో, ఒకరి పని నొకరు చూచుచు బ్రతుకుట యెట్లుండునో కృష్ణారెడ్డి మొదట చూచినది అచ్చటనే. 1943లో వంగదేశమును క్షామము మ్రింగినపుడు ఆయన ఆ ప్రాంతముననే యున్నవాడు.

1947 మొదలు 1949 వఱకు మద్రాసు కళాక్షేత్రమున చిత్రకళాశాఖకు పెద్దగా నుండి, పిదప లండను పోయి, స్లేడ్ కళాశాలలో హెన్రీ మూర్ వద్ద శిల్పము నేర్చెను. అటనుండి పారిసు చేరి, జాడ్కిన్ అను శిల్పివద్దను, తరువాత ఇటలీలోని మిలాను నగరమున మరీనో మరీనీ అను శిల్పివద్దను అభ్యాసము చేసెను. మూర్, జాడ్కిన్, మరీనీ, ఈ మువ్వురును శిల్పులే. ఇట్టి శిక్షణ పొందుచున్నవాడు 1950ల ఆరంభమున అతెలియే 17 గడప త్రొక్కి, లోహపు పలకను చేత బట్టెను. ఆంధ్రదేశము హైదరాబాదుతో కలియక మునుపు, ఆదవాని తాలూకా బళ్ళారి జిల్లానుండి విడివడి 1953లో కర్నూలు జిల్లాలో చేరిన కాలమది.

వారిద్దఱి ముందున్న చిక్కు ఏమో చెప్పవలెను. పలకపై గీతలు చెక్కి, సిరా పూసి, పైభాగమును గుడ్డతో తుడిచినచో సిరా గీతలలో మాత్రము నిలుచును. తడిపిన కాగితము దానిపై పఱచి, బరువైన ఇనుప రోలర్ల నడుమ త్రిప్పిన, కాగితము గీతలలోనికి దిగి సిరాను పైకి తెచ్చుకొనును. ఇది పాత విద్య. ఒక పలకకు ఒక రంగు సులభముగా వచ్చును. మూడు నాలుగు రంగులు కావలెనన్న మూడు నాలుగు పలకలు చెక్కి, ఒకే కాగితమును అన్నిసార్లు గురి తప్పక ఒత్తవలెను. మన మచిలీపట్నపు అద్దకమునందును రంగునకొక అచ్చు వేఱుగ నుండును గదా. ఎమ్మిగనూరు మగ్గముపైనను పేకలో రంగు మారవలెనన్న నాడె మార్చవలసినదే. అచ్చునకు అచ్చు వెండ్రుకవాసి జరిగినను చిత్రము చెడును. అంతకన్న పెద్ద చిక్కు మఱియొకటి. రంగులు వేఱు వేఱు వేళల వచ్చి చేరిన చిత్రములో అవి అతుకులుగనే యుండును. ఒకే ఊపిరితో పుట్టిన యేకత్వము వానికి రాదు.

హేటర్ ఈ చిక్కుతో చాలకాలము పెనగులాడెను. న్యూయార్కులో 1946లో చేసిన 'ఐదుగురు వ్యక్తులు' అను చిత్రమున, చెక్కిన గీతలలో నల్లసిరా నింపి, పలక పైభాగమున పట్టుతెఱ ద్వారమున వేఱు రంగులను దింపి, అన్నిటిని ఒక్కమారే ఒత్తి చూపెను. త్రోవ దొరకినది గాని అది యిరుకు త్రోవ. రంగులు పలకపై బైట నుండి వచ్చి కూర్చున్నవే. పలకలోనుండి పుట్టినవి కావు.

పారిసులో 1950లలో జరిగిన పరిశోధన ఈ చిక్కును విప్పినది. అందు రెండు సూత్రములు కలవు. మొదటిది నూనెకు సంబంధించినది. అచ్చుసిరాలో అవిసె నూనె కలుపుదురు. నూనె యెక్కువైన సిరా పలుచనై జారును. తక్కువైనది చిక్కనై బంకవలె పట్టును. ముందుగా నూనె యెక్కువగల సిరాను పలకపై పూసి, దానిమీద చిక్కని సిరాగల రోలరును నడిపించిన, చిక్కని సిరా ఆ నూనెతడిపై అంటక, తడిలేని చోటనే అంటును. మన యిండ్లలో ఓళిగలు తట్టు తల్లుల కిది తెలియని శాస్త్రము గాదు. ఆకునకు నూనె రాచిన పిండి యంటదు. రాయని చోట పట్టుకొని వదలదు. ఆ వంటింటి న్యాయమే ఇచ్చట చిత్రకళ యైనది.

రెండవ సూత్రము మిట్టపల్లములకు సంబంధించినది. పలకను ఉలితోను, ఆమ్లముతోను, గీకుడు పనిముట్లతోను తొలిచి, వేఱు వేఱు లోతులు ఏర్పఱచవలెను. కొంతభాగము మిట్ట, కొంత నడిమి మెట్టు, కొంత పల్లము. గట్టి రబ్బరు రోలరు దానిపై నడచిన, మిట్టలను మాత్రము తాకి పోవును. మెత్తని రోలరు, ఆదవాని పత్తి నింపిన పరుపువలె ఒదిగి, పల్లముల అడుగువఱకు దిగును. కావున గీతలలో ఒక చిక్కని సిరా నింపి తుడిచి, గట్టి రోలరుతో మిట్టలపై పలుచని రంగు నొకటి, మెత్తని రోలరుతో పల్లములలో చిక్కని రంగు మఱియొకటి పూయుదురు. మిట్టలమీది నూనెతడి రెండవ రంగును రానీయదు. మూడు రంగులు ఒకే పలకపై, ఒకదానితో నొకటి కలహింపక, తమ తమ స్థానములలో నిలుచును. అవి యొకదాని ప్రక్క నొకటి చుక్కలు చుక్కలుగా చేరినచోట కంటికి నాలుగవ రంగు, ఐదవ రంగు తోచును. కాగితము పఱచి ఒక్కమారు ఒత్తిన చాలును.

ఈ రెండు సూత్రములను వేఱు వేఱుగ చూచిన, ఏ యొక్కటియు చాలదని తెలియును. నూనెల న్యాయ మెంత తెలిసినను, పలక చదునుగా నున్న రంగులకు తావులు లేవు. పలక నెంత లోతుగా తొలిచినను, సిరాల పొత్తు తెలియకున్న రంగులు కలిసి బురద యగును. ఒకటి ద్రవముల విద్య. ఒకటి ఘనముల విద్య. అబాదానులో నూనెలతో మెలగిన రసాయనశాస్త్రి చిత్రకారు డగుటయు, రాళ్ళ నడుమ పెరిగి మువ్వురు శిల్పులవద్ద అభ్యసించినవాడు లోహపు పలక పట్టుటయు, ఈ యిద్దఱు ఒకే బల్లయొద్ద చేరుటయు జరుగకున్నచో ఈ విద్య యెప్పుడు, ఎట్లు పుట్టియుండెడిదో! హేటర్ నూనెల సంగతి మాత్రమే, కృష్ణారెడ్డి లోతుల సంగతి మాత్రమే చూచిరని నా భావము గాదు. ఇద్దఱును రెంటిని చేతితో పట్టి చూచినవారే. అయినను ఒక్కొక్కని బలము ఎచ్చట కలదో వారి చిత్రములే చెప్పును.

ఇచ్చట మూడవ పేరు నొకదానిని చెప్పకున్న దోషమగును. బొంబాయినుండి వచ్చిన కైకో మోతీ అను కళాకారుడును ఆ దినములలో అచ్చటనే యుండి, ఈ పరిశోధనలో పాలు పంచుకొనెను. ఇద్దఱి మైత్రి యనుకొన్న దానిలో మూడవ చేయి యుండుట పనిశాలలలో సహజమే.

ఇక 'ఎవరిది?' అను ప్రశ్న. కొన్ని గ్రంథములు దీనిని హేటర్ పద్ధతి యనును. మఱికొన్ని కృష్ణారెడ్డినే దీనికి కర్తగా చెప్పును. 'అందఱిది' అని తేల్చివేయుట సులభము. కాని ఆ మాటలో నొక మోసము దాగియుండవచ్చును. కలిసి చేసిన పని యన్నపుడు లాభము పెద్ద పేరుగలవానికే చేరుట లోకములో తఱచు. హేటర్ వయసున ఇరువదినాలుగేండ్లు పెద్ద, పనిశాల స్థాపకుడు, ప్రసిద్ధుల మిత్రుడు. కృష్ణారెడ్డి అప్పుడే స్వాతంత్ర్యము పొందిన దేశమునుండి వచ్చిన యువకుడు. ఇట్టి యిద్దఱి నడుమ సమానమైన మైత్రి సాధ్యమా యని శంకించుట న్యాయమే. మగ్గము సొంతదారునికి, కూలికి నేయువానికి నడుమ స్నేహము మాటలలో నుండునా, లెక్కలలో నుండునా యని ఎమ్మిగనూరువారు అడుగరా?

లెక్కలనే చూతము. 1957లో కృష్ణారెడ్డి ఆ పనిశాలకు సహాయ సంచాలకు డయ్యెను. 1960ల నడుమ సహసంచాలకు డయ్యెను. 'సహాయ' యను మాటనుండి 'సహ' యను మాటకు వచ్చుటలో రాలిపోయినది ఒక యక్షరమును, ఒక దీర్ఘమునే గాని, ఆ దూరము చాల పెద్దది. స్థాపకుడు జీవించియుండి, పనిచేయుచుండగనే, తాను నిర్మించిన సంస్థలో మఱియొకనిని తనతో సమముగా నిలుపుట మన దేశమున గాని ఐరోపాలో గాని నిత్యము జరుగు పని కాదు. 1976 వఱకు ఆ యేర్పాటు సాగినది. రెండవ లెక్క మఱింత ముఖ్యమైనది. ఈ విద్యకు వారు కంచె కట్టలేదు. రహస్యముగ దాచలేదు. ఏ దేశమునుండి యెవరు వచ్చినను, సిరాలో నూనె యెంత కలుపవలెనో, రోలరు నెట్లు పట్టవలెనో చేయి పట్టి చూపిరి. దాచుకొన్న విద్యకే యజమాని యెవరన్న తగవు ముదురును. పంచిపెట్టిన విద్యలో ఆ తగవునకు పదును తగ్గును. పదును తగ్గునే గాని తగవు పోదు. అందుకే మనము పేర్లను సరిగా చెప్పవలెను. హేటర్ పేరు చెప్పిన నోరు కృష్ణారెడ్డి పేరును, కైకో మోతీ పేరును చెప్పక ఆగరాదు.

కలిసి పనిచేసినవారి చిత్రములు ఒకే తీరుగ నుండునని తలచువారికి వీరి చిత్రములు ఆశ్చర్యము కలిగించును. హేటర్ గీతల మనిషి. ఉలిని కదలనీయక పట్టి, పలకనే దాని క్రింద త్రిప్పుచు చెక్కు అభ్యాసము ఆయనది. అందుచే గీత యేటి మలుపువలె తిరుగును. 1950ల పిమ్మట ఆయన చిత్రములలో జలము, అల, ప్రవాహము మిక్కిలిగా వచ్చినవి. 1959లో చేసిన 'జలపాతము'లో సన్నని గీతలు వంకలు తిరుగుచు రంగునుండి రంగునకు జారును. చూచువానికి ద్రవము కదలుచున్నట్లే తోచును.

కృష్ణారెడ్డికి పలక యనగా పడుకొన్న శిల్పము. ఆయన పలకను నెలల తరబడి తొలుచును. గీత కన్న లోతు ఆయనకు ప్రధానము. 1963లో చేసిన 'సుడిగుండము' ఆయన చిత్రములలో మిక్కిలి ప్రసిద్ధి కన్నది. నీలవర్ణములో వలయములు వలయములుగా తిరుగుచు, తునకలు తునకలైన రూపములు నడిమికి లాగబడుచుండును. అది నీటిసుడియో, రాత్రివేళ చుక్కల చక్రమో చెప్పజాలము. ఆ చిత్రమును ముద్రించిన పలకను చేతితో తడిమినచో అందు కొండలు, లోయలు, వాగులు తగులును. రంగులన్నియు ఆ మిట్టపల్లములనుండి పుట్టినవే. 1968లో పారిసు విద్యార్థులు వీథులకెక్కిన దినములను చూచిన పిదప 'ప్రదర్శకులు' అను పేర చేతులెత్తి గుంపుగా నిలిచిన మనుష్యులను ముద్రలోను, కంచులోను రూపించెను. లోహపు పలకపై చెక్కు చేయియు, కంచుబొమ్మ పోత పోయు చేయియు ఒకటేయని ఆ రెంటిని ప్రక్కప్రక్కన చూచినవారికి తెలియును.

ఒకే సూత్రముతో ఒకరు ప్రవాహమును, మఱియొకరు లోతును సాధించిరి. మైత్రి వారిని ఒకరిలో నొకరిని కరగింపలేదు. ఒకరినొకరు అనుకరింపని యిద్దఱే ఒకరికొకరు నిజముగ ఉపకరింతురని నాకు తోచును. ఒకే చేతివాటము గల యిద్దఱు నేతగాండ్రు ఒక మగ్గముపై కూర్చున్న చోటు చాలదు. పడుగు పట్టువాడొకడు, నాడె విసరువాడొకడు అయిననే గుడ్డ పెరుగును.

ఈ పనిశాల మన దేశపు కళాకారులకును గూడు అయినది. అలీగఢ్‌లో పుట్టిన జరీనా 1960లలో అచ్చటనే పలకల విద్య నేర్చి, పిమ్మట అమెరికాలో పేరు గడించెను. నందనూరునుండి పోయినవాడు పారిసులో పెద్దగా నుండుటచే భారతదేశపు విద్యార్థికి ఆ తలుపు బరువుగా తోచియుండదు. 1972లో భారత ప్రభుత్వము కృష్ణారెడ్డికి పద్మశ్రీ బిరుద మిచ్చి గౌరవించినది. ఆయన అప్పుడప్పుడు దేశమునకు వచ్చి, కళాశాలలలో పనిశాలలు నడపి, సిరాలు కలిపి చూపెను.

1976లో కృష్ణారెడ్డి న్యూయార్కునకు తరలి, అచ్చటి విశ్వవిద్యాలయమున ముద్రణకళను బోధించుచు స్థిరపడెను. మైత్రికి అది తెగతెంపు కాలేదు. పనిశాల యొక కొమ్మ సముద్ర మావలి గట్టున నాటుకొన్నది. హేటర్ స్వయముగ 1940లో చేసిన ప్రయాణమును ముప్పదియాఱేండ్ల పిదప ఆయన మిత్రుడును చేసినట్లైనది. తన కూతురు అపుతో సర్కసు చూచుచున్న నాళ్ళలో మనసున పడిన ఊహతో ఆయన 1980లలో 'మహావిదూషకుడు' అను పలకను చెక్కెను. ఆ యొక్క పలకనే మార్చి మార్చి రంగులు పూసి, ఒకదాని నొకటి పోలని యనేక ముద్రలు తీసెను. పలక యొకటియే, నవ్వునట్లు తోచు ముద్ర యొకటి, ఏడ్చునట్లు తోచునది మఱియొకటి. ఈ విద్య యెంత దూరము పోగలదో దానియందు తేటపడును.

1988 మే 4వ తేదీన హేటర్ పారిసులో కన్నుమూసెను. ఆ సంవత్సరమే ఏకకాల వర్ణముద్రణమును గూర్చి కృష్ణారెడ్డి వ్రాసిన గ్రంథము అమెరికాలో వెలువడినది. సిరాల పాళ్ళు, రోలర్ల మెత్తదనము, పలకల లోతులు, అన్నియు అందు విప్పి చెప్పినాడు. మిత్రుడు పోయిన యేట, ఇద్దఱి విద్యయు దాపరికము లేక అచ్చులో లోకమునకు చేరినది. పారిసు పనిశాల పేరును ఆ కాలముననే మారినది. 'అతెలియే కాంత్రపోయాన్' అని దానికి పెట్టిన పేరు పాశ్చాత్య సంగీతములోని మాట. రెండు రాగధారలు ఒకే కాలమున సాగుచు, ఒకదాని నొకటి మ్రింగక, కలిసి యొక శ్రావ్యత నిచ్చుట దాని యర్థము. ఇద్దఱి స్నేహమునకు ఇంతకన్న చక్కని పేరు నేను కల్పింపజాలను.

2016లో న్యూయార్కు మెట్రోపాలిటన్ కళాశాలవారు హేటర్, కృష్ణారెడ్డి, జరీనా, ఈ మువ్వురి చిత్రములను ఒకే ప్రదర్శనమున చేర్చి చూపిరి. గోడపై మూడు పేర్లును సమముగ నిలిచినవి. రెండేండ్ల తరువాత, 2018 ఆగస్టు 22వ తేదీన, తొంబదిమూడవ యేట కృష్ణారెడ్డి న్యూయార్కులో తనువు చాలించెను.

ఇంత చెప్పిన పిదప మన సీమవారికి నేను మనవి చేయదగినది ఒకటి కలదు. మన పడమటి కర్నూలు సీమలో రాయికి కొఱత లేదు, నూనెకు కొఱత లేదు, చేతిపనికి అంతకన్న కొఱత లేదు. వేరుశనగ ఆడించి నూనె తీసిన మిల్లులు, పత్తి దూది చేయు యంత్రములు, మగ్గముల చప్పుడు, కొండగుండ్లు చీల్చు ఉలుల మ్రోత, ఇవన్నియు ఆదవాని, ఎమ్మిగనూరు చుట్టుపట్టుల వారి చెవులకు పరిచితములే. అయినను నూనె తెలిసినవాడు రాయి తెలిసినవానితో కూర్చుండి మాటలాడుట యరుదు. నేతగాని బిడ్డ నేతనే, కంసాలి బిడ్డ లోహమునే, రైతు బిడ్డ మన్నునే చూచి పెరుగును. ఒకని పనిలో నున్న చిక్కునకు మందు ఇంకొకని పనిలో నుండవచ్చునని తోచుటకు ఇద్దఱు ఒకే బల్లయొద్ద చేరవలెను. హేటర్, కృష్ణారెడ్డులు చేరిరి గనుక ఒక పలకనుండి పలురంగులు వచ్చినవి.

ఆ విద్య యెవరిది యన్న ప్రశ్నకు నా జవాబు ఇది: ద్రవమును చూచినవానిది, లోతును చూచినవానిది, వారితో నిలిచి చేయి కలిపినవానిది, వారి యనంతరము దానిని నేర్చుటకు శ్రమించు ప్రతివానిది. పేర్లు మాత్రము అన్నియు చెప్పవలెను. నందనూరు కృష్ణారెడ్డి పేరు ఆదవాని బడిపిల్లలు చిత్రలేఖనపు తరగతిలో వినవలెను. వినినపుడు ఆయన మిత్రుని పేరును వెంటనే వినవలెను. ఒకరి నొకరికి ముడిపెట్టక చెప్పిన చరిత్ర సగము చరిత్రయే యని విన్నవించి విరమించుచున్నాను.